అగ్గాల అనే ఇంటిపేరు, మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడన్న కబురు వికారాబాద్‌లో, నేను పాఠాలు చెప్పే బడిలో ఉదయం ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. మొదటిసారి ఫోన్ మోగితే తీయలేదు. రెండోసారి మోగినప్పుడు పక్కకు వెళ్లి తీశాను. తాండూరు నుంచి చిన్నమ్మ.

"బిడ్డా, మీ చిన్నాయన పోయిండు" అంది.

"ఏ ఊరికి పోయిండు చిన్నమ్మా?" అని అడిగాను.

అటువైపు ఏడుపు వినబడేదాకా నాకు అర్థం కాలేదు. ఆయన ఎప్పుడూ ఏదో ఒక ఊరికి పోతూనే ఉండేవాడు మరి. బస్సు కండక్టర్‌గా పోయాడు, రిటైరయ్యాక ఊరికే పోయాడు. తెల్లవారి చాయ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి, కుర్చీలోనే పోయాడట. గుండె ఆగిందన్నారు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోతే, ఆ తర్వాత నా బడి కాగితాల మీద సంతకం పెట్టింది చిన్నాయనే. డ్యూటీ లేని రోజు కూడా ఖాకీ చొక్కాలోనే వచ్చేవాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి తనకు, ఒకటి అడిగేవాళ్లకు. బస్సులో ముసలివాళ్లు ఎక్కితే "దిగేటప్పుడు నేను చెప్త గని పండుకో పెద్దమ్మా" అనేవాడు. ఆమె ఊరు వచ్చినప్పుడు తానే మూట అందుకుని దించేవాడు. ఏ మనిషినైనా ఏ ప్రశ్నైనా అడగడానికి ఆయనకు మొహమాటం లేదు. "అడిగితే ఏం బోతది బిడ్డా, మహా అంటే చెప్పరు" అనేవాడు.

ఈ రాతంతా నిజానికి ఒక ఇంటిపేరు గురించి. మాది అగ్గాల వారి ఇల్లు. ఈ ఇంటిపేరు మీరు ఎక్కడా విని ఉండరు. మేమూ మా ఇంటి బయట వినలేదు. బడిలో హాజరు పిలిచేటప్పుడు నా వంతు వస్తే వెనక బెంచీలో ఎవరో ఒకరు "అగ్గిపెట్టె" అనేవారు. ఆ తర్వాత అగ్గిపుల్ల అయ్యాను. పదో తరగతికి వచ్చేసరికి నా అసలు పేరు సగం మందికి గుర్తులేదు.

పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే రోజు చిన్నాయన బడికి వచ్చాడు. హెడ్మాస్టర్ సారు ఫారం ముందు పెట్టుకుని "ఇంటిపేరు చెప్పమ్మా" అన్నారు. చిన్నాయన చెప్పబోయాడు. నేను అడ్డం వచ్చి, "వద్దు సార్, ఇంటిపేరు వద్దు. ఉత్త పేరే రాయండి" అన్నాను.

సారు చిన్నాయన వైపు చూశారు. చిన్నాయన నా వైపు చూశాడు. "బిడ్డ ఎట్లంటే అట్లనే రాయున్రి సార్" అని సంతకం పెట్టాడు.

బయటికి వచ్చి బస్టాండు దగ్గర సోడా ఇప్పించాడు. నేను తాగుతుంటే మెల్లగా అడిగాడు. "ఎవరన్న ఏమన్న అన్నరా?"

"అగ్గిపెట్టె అంటున్నరు."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "మనది అగ్గి కాదేమో బిడ్డా. మీ తాతను అడిగినా తెల్వదనె. ఏందో నేను కనుక్కుంట" అన్నాడు.

ఆ మాట నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను. ఆయన ముప్పై ఏళ్లు మరిచిపోలేదు. ఆ వారంలోనే వంద పేజీల నోటుబుక్కు కొన్నాడని, మొదటి పేజీలో నా పేరును ఇంటిపేరుతో సహా రాసుకున్నాడని చిన్నమ్మ మొన్న చెప్పింది. అన్నేళ్లూ నేను దాన్ని ఆయనకున్న ఒక పిచ్చి అనే అనుకున్నాను. మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం కూడా.

వెతకడానికి ఆయనకు ఉన్న సాధనం బస్సు. తాండూరు నుంచి కొడంగల్‌కు, వికారాబాద్‌కు, కర్ణాటక సరిహద్దు దాటి చించోళి వైపుకు, ఏ రూటు వేస్తే ఆ రూటులో పెద్దవయసు వాళ్లను చూసి "మీ దిక్కు అగ్గాలోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగేవాడు. ఎవరింట్లో పెళ్లికార్డు కనబడినా ముందు ఇంటిపేర్లు చదివేవాడు. ఓటర్ల జాబితా బడి గోడకు అంటిస్తే దాని ముందు కళ్లద్దాలు సర్దుకుంటూ వేలు పెట్టి చదువుతూ నిలబడేవాడు. అలా బొంరాస్‌పేట దగ్గర ఒక ఇల్లు దొరికింది. పూడూరు దగ్గర అన్నదమ్ముల రెండిళ్లు దొరికాయి. కొడంగల్‌లో దొరికిన ఇంట్లో ఒక ముసలమ్మ మాత్రమే ఉంది. పిల్లలు పుణెలో సెంట్రింగ్ పనికి పోయి అక్కడే ఉండిపోయారు. ఒకరి కాగితాల్లో ఆగల, ఇంకొకరి కాగితాల్లో హగ్గల. కొందరు ఇంటిపేరును పూర్తిగా తీసేసుకున్నారు. ఆ చివరి రకం గురించి చెప్పేటప్పుడు ఆయన నా ముఖం వైపు చూసేవాడు కాదు. అది నా రకమే.

దొరికిన ప్రతి ఇంట్లో పుట్టిన ఆడపిల్లల పేర్లు కూడా రాసుకున్నాడు. "పెండ్లయి పోయినోళ్లవి ఎందుకు చిన్నాయనా, వాళ్ల ఇంటిపేర్లు మారిపాయె గద" అని ఒకసారి అన్నాను. "ఇంటిపేరు మారింది, పుట్టిన ఇల్లు మారుతదా?" అన్నాడు.

అర్థం మాత్రం దొరకలేదు. పూడూరు వాళ్లు, వెనకట పొద్దున్నే ఊరందరూ మన ఇంటికొచ్చి పొయ్యిలోకి నిప్పు తీసుకుపోయేవారు, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్పారు. బొంరాస్‌పేట పెద్దమనిషి మరో మాట చెప్పాడు. మనవాళ్లు గొర్లు అగ్గువకు, అంటే చవకగా, అమ్మేవాళ్లట, అందుకని ఆ పేరట. "గిది నిజమైతే మనకు తెలివి లేదన్నట్టే గదా" అని చిన్నాయన పడీపడీ నవ్వాడు. కానీ నోటుబుక్కులో దాన్నీ రాసుకున్నాడు.

రిటైర్ కావడానికి కొంచెం ముందు, చించోళి నుంచి తిరిగి వచ్చే బస్సులో ఒకాయన పెద్ద మూట ఎక్కించాడట. చిన్నాయన "ఏముంది గండ్ల?" అని అడిగాడు. ఆయన కన్నడంలో "బరే హగ్గ రీ" అన్నాడు.

"ఏమంటివి? మల్లొకసారి అను."

"హగ్గ, హగ్గ" అని ఆయన మూట విప్పి చూపించాడు. ఉత్త తాళ్లు. కన్నడంలో హగ్గ అంటే తాడు.

ఇన్నేళ్లు సరిహద్దు బస్సుల్లో తిరిగి, కన్నడం మాట్లాడుతూ కూడా తనకు తట్టలేదని ఆయనకు సిగ్గేసిందట. ఆ రోజు తాండూరులో బస్సు దిగీ దిగగానే నాకు ఫోన్ చేశాడు. "దొరికింది బిడ్డా! మనది అగ్గి కాదు, తాడు! మనోళ్లు తాళ్లు పేనేటోళ్లు!"

నేను ఆ సమయంలో ఆడపడుచు పెళ్లి పనుల్లో ఉన్నాను. ఇంటినిండా చుట్టాలు. "అది తెలిస్తే ఇప్పుడు ఏమైతది చిన్నాయనా? ఎవరికి కావాలె?" అన్నాను.

"ఏం కాదు తియ్యి. నీకు చెప్పాలె అనిపించింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే ఇప్పుడు వినడానికి ఆయన లేడు.

ఆ తర్వాత, ఆ తాళ్ల మనిషి ద్వారానే, చించోళి అవతల ఒక చిన్న ఊళ్లో హగ్గద అనే ఇంటిపేరు గల కుటుంబం ఉందని తెలిసింది. అంటే తాళ్లవారు. ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాడు. ఈ సంవత్సరం వానలు మొదలైనప్పుడు నాతో అన్నాడు. "ఒక్క ఆదివారం నాతోని రా బిడ్డా. చూసొద్దాం."

వస్తానన్నాను. ఆ ఆదివారానికి పరీక్ష పేపర్లు దిద్దేది ఉండింది. ఇంకో ఆదివారం అన్నాను. అప్పుడు అత్తగారికి జ్వరం. మూడోసారి ఏ కారణమూ లేదు. అలసిపోయి ఉన్నాను, పడుకోవాలనిపించింది. కాగ్నా నది నిండుగా పారుతోందట, రోడ్డు బాగుండదు అని చెప్పాను.

"నువ్వొక్కనివే బస్సుల పోయిరారాదు చిన్నాయనా? నీకు బస్సు కొత్తనా?"

"నువ్వు లేకుంట పోతే ఏం బాగుంటది? కందులు కోసినంక పోదాం. తొందరేం లేదు" అన్నాడు.

కందికి పూత రాకముందే ఆయన పోయాడు.

దినాలయ్యాక ఒక ఆదివారం నేను బయలుదేరాను. చిన్నాయన నన్ను కారు కూడా అడగలేదు. తాండూరులో బస్సెక్కితే గంటన్నర దారి. ఆ గంటన్నర నా దగ్గర లేకపోయిందని కిటికీ పక్కన కూర్చుని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన అరుగు మీది నుంచి లేచి వచ్చాడు. తాండూరు నుంచి వచ్చానని, కండక్టర్‌కు అన్న కూతురినని చెప్పగానే "బర్రి, బర్రి" అని రమ్మంటూ చాప పరిపించాడు. ఆయనకు తెలుగు వచ్చు. వయసులో ఉన్నప్పుడు తాండూరు నాపరాళ్ల గనుల్లో పనిచేశాడట.

"కండక్టర్ ఏడి?"

"రాలేకపోయిండు" అన్నాను.

"గిట్లనే జేస్తడు" అని నవ్వాడు. "మూడు సార్లు వస్తమన్నడు. మూడు సార్లూ మా ఆమె రొట్టెలు జేసింది, కోడలు పుండికూర వండింది. పొద్దుగూకెదాక చూస్తిమి. మా అన్న బిడ్డకు తీరలేదు, మాస్టరమ్మకు బడి పని మస్తుంటది అని ఫోన్ జేసిండు."

నా గురించి అక్కడ ఒక్క మాట తక్కువ చేసి చెప్పలేదు చిన్నాయన. నేను తల వంచుకుని నీళ్లు తాగాను.

పెద్దాయన వాళ్ల తాత దగ్గర విన్నది చెప్పాడు. వెనకట వాళ్లు గొర్లు మేకలు కాసేవాళ్లు. మేక బొచ్చుతో, పుండి అనే గోగు నారతో తాళ్లు పేనేవాళ్లు. చుట్టుపక్కల బావులన్నిటికీ మోట మోకులు ఈ ఇంటి నుంచే పోయేవి. ఒక కరువులో ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దరు మందలు తోలుకుని తూర్పుకు వెళ్లి మళ్లీ రాలేదు. వాళ్లు వెళ్లిన చోట మాట తెలుగైంది. హగ్గలో ముందక్షరం అరిగి అగ్గ అయి, అగ్గాల అయింది. ఇక్కడ మిగిలిన అన్న సంతానం బావులకు మోటార్లు వచ్చేదాకా తాళ్లు పేనింది. తర్వాత మోకులు కొనేవాడు లేడు. ఇప్పుడు ఒక కొడుకు కలబురగిలో ఆటో నడుపుతున్నాడు, ఒకడు పుణెలో.

"గట్లంటే కండక్టర్ నాకు తమ్ముడు గావాలె" అని వేళ్ల మీద తరాలు లెక్కపెట్టి తేల్చాడు. "నువ్వు నాకు మగళు. బిడ్డవు." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం వెలిగింది. "మల్లెప్పుడొస్తడు తమ్ముడు?"

ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. ఏ రోజో, ఎలాగో, నాలుగు ముక్కల్లో చెప్పాను. మూడుసార్లు రాకపోవడానికి కారణం నేనేనని కూడా చెప్పాను. అది ఆయన విన్నాడో లేదో తెలియదు.

పెద్దాయన లేచాడు. తలపాగా విప్పి అరుగు మీద పెట్టాడు. వాకిట్లో రాతి తొట్టి దగ్గరికి వెళ్లి, చెంబు ముంచి, కట్టుబట్టలతోనే నెత్తి మీద పోసుకున్నాడు. ఒక చెంబు, రెండు, మూడు. అయినవాళ్లు పోయినట్టు ఎంత ఆలస్యంగా తెలిసినా, తెలిసిన క్షణాన తల మీద నీళ్లు పోసుకోవాలి. రక్త సంబంధం ఉన్న ఇంటివాళ్లకే ఆ పద్ధతి. బయటివాళ్ల కోసం ఎవరూ పోసుకోరు.

లోపలికి చూసి భార్యను పిలిచాడు. ఆమె ఏమీ అడగకుండా వచ్చి పోసుకుంది. పిండి చేతులతోనే బయటికి వచ్చిన కోడలు ఇద్దరినీ చూసి నిలబడిపోయింది.

"యారు మావ?" అని అడిగింది. ఎవరు మామా అని.

పెద్దాయన ముఖం మీది నీళ్లు తుడుచుకుని, "నమ్మవ" అన్నాడు. మనవాడు.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని చెంబు అందుకుంది. ముగ్గురి ఒంటి మీది నీళ్లూ కలిసి, వాకిట్లో పరిచిన రాళ్ల మీదుగా పారి, గడప దాటి వీధిలోకి పోతున్నాయి.