సలీం భాయ్ ముందుగాల అవ్వకే వైర్లు పెట్టిండు

నిన్న పొద్దున ఫోన్. సలీం భాయ్ పోయిండని.

ఏ సలీం అని అడిగిన. ఎవరో తెలుసు. అయినా అడిగిన.

హార్ట్ ఎటాక్. నిండా యాభై లేవు.

మేడ్చల్‌లో ఒక ప్రైవేట్ దవాఖానాల ఈఈజీ తీసేటోడు. తలకు వైర్లు అతికించి, కండ్ల ముందు లైటు టపటపా కొట్టించి, మెదడు దానికి ఎట్ల స్పందిస్తదో చూసే టెస్ట్. ఇద్దరి డ్యూటీ ఒక్కనితోనే చేయించిర్రు. ఛాతి పట్టేస్తాంది అంటే సెలవియ్యలే. దీని మీద కొట్లాడాలె. ఇయ్యాల ఓపిక లేదు.

ఒక్క సంగతి చెప్త.

ఒక పిల్లకు ఫిట్స్. గాలి సోకిందని ఇంటోళ్లు భూతవైద్యునితో కొట్టించిర్రు. మూఢనమ్మకాల మీద మైకు పట్టుకొని ఊరూర తిరిగేటోన్ని, నేనే పోయి లొల్లి పెట్టుకొని పిల్లను, వాళ్ల అవ్వను సలీం భాయ్ కాడికి తోల్కొచ్చిన.

దవాఖానకు పోతున్నమని అవ్వ ఇద్దరి తలలకూ దండిగ నూనె పెట్టింది. నూనె తలకు వైర్లు అతకవు. సలీం భాయ్ షాంపూ ప్యాకెట్ తెప్పించి నల్లా కాడ పిల్ల తల కడిగించిండు.

ఇంతల అవ్వ అడ్డం నిలబడ్డది. కరెంట్ పెడ్తరేమో, ముందుగాల నాకు పెట్టు అన్నది.

సలీం భాయ్ ఏం వాదించలే. ఆమె తలా కడిగించి, కూసోబెట్టి, వైర్లు పెట్టిండు. లైటు ఎంత జల్దీ కొడ్తే, స్క్రీన్ మీద గీతలు అంత జల్దీ లేస్తున్నయ్.

తర్వాత పిల్ల. ఆమెకూ అట్లనే లేచినయ్, కాకపోతే నడుమ నడుమ అదుపు తప్పినయ్.

"అయితే నాకూ గాలి సోకిందా బిడ్డా?" అన్నది అవ్వ.

"లైటు కొడ్తే అందరికీ గంతే అవ్వా. నీ మనవరాలికి జర ఎక్కువైతాంది. డాక్టర్ చెప్తడు, దవాలున్నయ్."

అవ్వ మనవరాలిని దగ్గరికి గుంజుకున్నది.

"మరి దీన్నెందుకు గొట్టిర్రు?"



బయటికొచ్చినంక సలీం భాయ్‌తోని వాదించిన. ఈ ముచ్చట వీడియో చేసి పెడ్దాం, భూతవైద్యుల దుకాణం బంద్ అయితది అన్న.

"ఆ పిల్ల రేపు ఊర్ల తిరగాలె అన్నా. నీ ఉపన్యాసానికి దాని తలకాయే దొరికిందా?"

నేనిప్పటికీ ఒప్పుకోను. మనం దాచిపెడ్తే ఆ భూతవైద్యులే బతుకుతరు.

అయినా పిల్ల పేరు రాస్తలేను. ఊరు కూడ రాస్తలేను.

నిన్న శామీర్‌పేటల సలీం భాయ్ ఇంటి నుంచి జనాజా లేచే ముందు ఆ పిల్ల వచ్చింది. మందులు వాడుతాంది, కాలేజీకి పోతాంది. ఒకప్పుడు ఇంటోళ్లు వాకిలి దాటనిచ్చేటోళ్లు కాదు.

నిన్న ఒక్కతే బస్సెక్కి వచ్చింది.

పోయిరా సలీం భాయ్. ఇప్పుడన్న డ్యూటీ లేకుండ నిమ్మళంగ పండుకో.