అందరూ కోరుకున్న ఆటగాడు

రాజాం దగ్గరి ఉన్నత పాఠశాలలో నేను లెక్కలు చెబుతాను. కొన్నేళ్లుగా మా స్టాఫ్ రూంలో ఎనిమిది మందిమి ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడుతున్నాం. ఇంగ్లండు లీగు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని చీటీలు తీస్తాం. చీటీల వరసలో ఒక్కొక్కరం ఒక్కో ఆటగాణ్ణి కోరుకుంటాం. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోవడానికి లేదు. అక్కడ అతను గోలు కొడితే ఇక్కడ మనకు పాయింట్లు.

మొదటి రెండేళ్లూ మా డ్రిల్లు మేడమే గెలిచారు. కళింగపట్నం వైపు సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం ఆవిడది. ఎవరిని తీసుకోవాలా అని మేమందరం తల బద్దలు కొట్టుకుంటుంటే, ఎవరి జోలికి పోకూడదా అని ఆవిడ చూసేవారు.

మూడో ఏడు మొదటి చీటీ నాకు వచ్చింది. కిందటి సీజన్లో గోల్స్ వరద పారించిన స్ట్రైకరు పేరు చెప్పాను.

“వద్దు మేస్టారూ,” అన్నారు మేడం. “ఆ గోల్స్‌లో సగం పెనాల్టీలే. బంతి అందించినోడు ఏరే జట్టుకి ఎలిపోనాడు. సెలవుల్లో కూడా ఆళ్ల దేశం తరఫున ఆడతానే ఉన్నాడు. కాళ్లకి రెస్టేది?”

అయినా తీసుకున్నాను. మొదటి రెండు వారాలూ అతను గోల్స్ కొట్టాడు. “ఏం మేడం, ఏమంటారు?” అని నేను ఎగతాళి చేశాను. “మంచిదే కదా, ఆడనీండి,” అని నవ్వేశారు.

ఒక శనివారం సాయంత్రం పిల్లల ఆటలయ్యాక నన్ను గ్రౌండు మెట్ల మీద కూర్చోబెట్టి, ఫోన్లో ఆ జట్టు మ్యాచి పెట్టారు.

“బంతిని సూడకండి. ఆడిని సూడండి.”

పావుగంట చూశాను. గట్టిగా ఒక పరుగు తీసిన ప్రతిసారీ అతను నడుచుకుంటూ వెనక్కి వస్తున్నాడు. వంగి మేజోడు సర్దుకుంటున్నాడు. కోచ్ వైపు ఒకసారి చూసి, చటుక్కున నిటారుగా నిలబడుతున్నాడు.

“నొప్పి ఉన్నాది. దాస్తన్నాడు,” అన్నారు.

“మీకెలా తెలుసు?”

ఆవిడ చెప్పారు. ఇంటర్ చదివేటప్పుడు రాష్ట్ర ఫుట్‌బాల్ జట్టు ఎంపికలో అందరికన్నా ముందు పిలిచింది తన పేరేనట.

“మోకాలు నొప్పని సెప్తే తీసేస్తారని సెప్పలేదు నాను. మూడో ఆటకి పడిపోయాను. ‘ఏటో అనుకున్నాం, ఇంతేనా’ అన్నారు మేస్టారూ, జట్టుకి ఎంచినోళ్లే. మా ఊరోళ్లు కూడా అన్నారు. ఇప్పుడు ఈ కుర్రాడి తప్పేటుంది? ఎక్కువ ఆశపడింది మనం.”

అన్నేళ్లుగా ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంటున్నాను, ఒక్కరోజూ ఈ మాట రాలేదు. మెట్లు దిగేటప్పుడు ఆవిడ ఎడమకాలు ముందు పెట్టి ఆచితూచి దిగడం ఆ వేళే గమనించాను.

అక్టోబరులో అతన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. మర్నాడు స్టాఫ్ రూంలో సోషల్ మేస్టారు “లెక్కల మేస్టారి జట్టు గోవిందా!” అని కేక పెట్టారు. అందరూ నవ్వారు, మేడం తప్ప. తన మాటే నిజమైందన్న సంబరం ఆ ముఖంలో వెతికినా కనిపించలేదు. “ఎన్నాళ్లు పడతాదంట?” అని మాత్రం అడిగారు.

మరుసటి ఏడు చీటీల రోజున అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఆఖరి వంతులో మేడం అతన్ని తీసుకున్నారు.

“మీరేనా మేడం?” అన్నాను.

“ఇప్పుడు ఎవులూ ఏటీ ఆశపడరు. నిదానంగా ఆడుకుంటాడు.”

నెలల తరబడి అతను బెంచీ మీదే కూర్చున్నాడు. జనవరిలో ఒక గోలు కొట్టాడు. ఆ సోమవారం ఆవిడ స్టాఫ్ రూంలో అందరికీ వేడివేడి పకోడీలు తెప్పించారు. తర్వాత మరో మూడు కొట్టాడు. ఆవిడ అయిదో స్థానంలో ఆగిపోయారు.

ఆ ఏడు గెలిచింది నేను. అభినందించడానికి వచ్చిన మేడం, నా జట్టులో ఎవరున్నారని అడగలేదు.

“ఎవర్ని వదిలేశారో సెప్పండి మేస్టారూ,” అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

పేర్లు చెప్పడం మొదలుపెట్టాను.