నాలుగు గంటల దూరం

"విమానంలో ఎంతసేపు పడుతుంది?" అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కువైట్ నుంచి బొంబాయికి నాలుగు గంటలు. అబద్ధం కాదు. కానీ మా ఉదయగిరి బొంబాయిలో లేదు.

ఈ నాలుగు గంటల మాటను మా ఊళ్ళోకి తెచ్చింది మా అక్క మొగుడు. ఎనభైల మొదట్లో కువైట్‌లో కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. ఒంటి నిండా సెంటు కొట్టుకుని టీ అంగట్లో కూర్చునేవాడు. ఆ కంపుకు టీ గొంతు దిగేది కాదు. "యాడుండాది దూరం? నువ్వు కలిగిరికి పోయి సరుకు తెచ్చుకునేలోపల నేను కువైట్‌లో దిగతాను రా" అనేవాడు. ఆ మాట నమ్మే మా ఆవిడ నన్ను పంపడానికి ఒప్పుకుంది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది.

నేను అక్కడ లారీ తోలుతుండగా కొడుకు పుట్టాడు. ఫోటో తీయించాలంటే ఆత్మకూరు తీసుకుపోవాలి, నలభై రోజులు నిండనీ అన్నారు. నిండక ముందే బిడ్డకు జబ్బు చేసిందని టెలిగ్రాం వచ్చింది.

పాస్‌పోర్టు యజమాని దగ్గర, యజమాని ఎక్కడో పొరుగూళ్ళో. అది చేతికొచ్చి విమానమెక్కేసరికి రెండు రోజులు పోయాయి. విమానం మాత్రం నాలుగు గంటల్లో దించింది, అన్నం కూడా పెట్టారు. బొంబాయి నుంచి కడప దాకా రైల్లో కక్కసు తలుపు పక్కన ముక్కు మూసుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి బస్సులో ఆత్మకూరు. ఉదయగిరి బస్సు నిండితే గాని కదలదట. ఎవరో టాపు మీదికి మేకలు ఎక్కించారు, వాటి ఉచ్చ కిటికీలోంచి నా చొక్కా మీదికి కారింది. "బిడ్డకు బాగలేదన్నా, బయల్దేరన్నా" అని బతిమాలాను. డ్రైవరు నోట్లో బీడీ తీయకుండానే, "కువైట్ నుంచి వచ్చినోడివి, కారు మాట్లాడుకోరాదా?" అన్నాడు. ఇకిలించాడు కూడా.

ఇంటికి చేరేసరికి బిడ్డ పోయి మూడో రోజు.

మాలో పోయినవాళ్ళను ఆలస్యం చేయకుండా మట్టికి చేరుస్తారు. కానీ మా బావ అందరినీ ఆపాడట. "టెలిగ్రాం అంది ఉంటాది, ఈపాటికి విమానమెక్కి ఉంటాడు. నాలుగు గంటలే కదా, బిడ్డ మొహం చూడనీండి" అన్నాడట. తెల్లారి పోయిన పసివాణ్ణి, నడి ఎండాకాలంలో, పొద్దుగూకే దాకా ఉంచారు. మసీదు పెద్ద వచ్చి తిట్టిపోస్తే అప్పుడు తీసుకుపోయారు.

బావ ఎదురొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాలుగు గంటల్లో రావాల్సినోడివి, ఏంది రా ఇంత ఆలస్యం చేసినావు?" అదే సెంటు. ఆ చేతిని విదిలించి కొట్టి లోపలికి పోయాను.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. కడుపు మండినప్పుడు మాత్రం మా ఆవిడకు తెలుగే వస్తుంది. ఆమె నా వైపు చూడలేదు.

"నాలుగు గంటల్లో వాళ్ళ నాయన వస్తాడన్నారు. అందుకే మొహం మీద గుడ్డ కప్పనీలేదు నేను. పొద్దుగూకే దాకా ఈగలు తోలతా కూర్చున్నాను."