సూర్యచేప తోకను ఎవరూ అమ్ముకోలేదు

మొన్న చల్లపల్లి బస్సులో ఎవరి గంపలోంచో ఎండు మెత్తళ్ళ వాసన కొట్టింది. ప్రాణం లేచొచ్చి అటు తిరిగేసరికి, వెనక సీటులో ఒకాయన ఏదో వాటాల తగాదా చెబుతూ, "సుబ్బయ్య తోకమ్ముకున్నట్టు అమ్ముకున్నాడండీ" అన్నాడు. ఆ సుబ్బయ్య మా నాన్న. ఆయన ఏ తోకా అమ్ముకోలేదు. అబద్ధం నోటి మీద బతికేస్తోంది కాబట్టి నిజాన్ని కాగితం మీద పెడుతున్నాను.

మా పల్లె కోడూరు అవతల, సముద్రానికి దగ్గర. తొంభైల నాటి ఆ శీతాకాలపు పొద్దులంటే సరుగుడాకుల పొగ, ఇసుకలో ఆరేసిన వలల వాసన, చద్దన్నంలోకి కాల్చిన ఎండుచేప, పడవలొచ్చేదాకా గవ్వల కోసం మా ఆడపిల్లల పోట్లాటలు. పడవ నాన్నది, వల సోములు మావయ్యది. పడినదాంట్లో పడవకో వాటా, వలకో వాటా. ఒకరోజు మావయ్య జ్వరంతో ఒడ్డున ఉండిపోతే, నాన్నా బాబాయీ వెళ్ళి బండిచక్రమంత చేపను తెచ్చారు. తల ఉంది, పైనా కిందా పెద్ద రెక్కలున్నాయి, ఆ వెనక ఇంకేమీ లేదు, ఎవరో నరికేసినట్టు.

"ఏం బావా, మిగతా సగం సముద్రం మీదే ఏ లాంచీవోళ్ళకి అమ్మావ్?" అన్నాడు మావయ్య.

"ఇంతే పడింది, సోములూ."

"సగం చేప వల్లో ఎట్టా పడుద్దయ్యా? నా వాటా అంతా ఆ తోకలోనే ఉన్నట్టుంది!"

ఒడ్డంతా నవ్వింది. బాబాయి ఒట్టు పెట్టుకున్నాడు కానీ సొంత తమ్ముడి సాక్ష్యం ఎవరికి కావాలి? మాట పోతే మర్నాటి నుంచి నాన్న పడవకి వల ఇచ్చేవాడుండడు.

నాకా చేప తెలుసు. ఐదో తరగతితో బడి ఆగిపోయినా, లైబ్రరీలో అట్ట ఊడిన జంతువుల పుస్తకాన్ని నమిలేసినదాన్ని. అది సూర్యచేప. నీళ్ళ మీద పక్కకు వాలి ఎండ కాచుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు పిసరంత తోక ఉంటుంది, పెరిగేకొద్దీ అది పోతుంది. పై రెక్క, కింది రెక్క వెనక్కి సాగి, కలిసి, గుండ్రటి అంచవుతాయి. ఈదడం కూడా ఆ రెండు పెద్ద రెక్కలతోనే.

"దానికి తోకే ఉండదు మావయ్యా! పుస్తకంలో ఉంది. తడిమి చూడు, కోత ఎక్కడుంది?"

"పుస్తకం కూడా మీ నాన్న తమ్ముడేనా ఏంటే?"

"అయితే కోసి చూడు. ఎముక తెగిన గుర్తు కనబడితే మా వాటా కూడా నీదే!"

నాన్న నన్ను గదమలేదు. కత్తి తీసి మావయ్య చేతికిచ్చాడు. ఆ గరుకు తోలులోకి కత్తి దిగక గొడ్డలి తెచ్చారు. తోలు కింద మందాన తెల్లటి జిగురు. దాని లోపల వెన్నెముక, అంచుదాకా రాకుండానే, ఎక్కడా తెగకుండా, తనంతట తనే ఆగిపోయి ఉంది. మావయ్య చాలాసేపు వంగి చూసి, "అయితే దేవుడే అమ్ముకునుంటాడులే" అన్నాడు. మర్నాడు వల మాత్రం మా పడవలోనే వేశాడు.

నవ్వు ఊరు దాటింది, కోసి చూసిన సంగతి దాటలేదు. ఇప్పుడా తీరాన మా పడవ లేదు, పెంకుల గది లైబ్రరీ లేదు, నాన్నా లేడు. నేనున్నాను.

పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళనిచ్చిన లైబ్రేరియన్ రహీం గారికి, ఒట్టు పెట్టిన ఏడుకొండలు బాబాయికి, గొడ్డలిచ్చిన మంగమ్మత్తకి, పన్నెండేళ్ళ పిల్ల మాట మీద తన వాటా ఒడ్డిన సుబ్బయ్యకి నా దణ్ణాలు. సోములు మావయ్యకి కూడా. అనుమానంతోనైనా, చివరిదాకా కోసి చూసింది ఆయనొక్కడే.