ఎడమకాలి బూటు

నళిని షికాగోలో ఓ లాండ్రీ షాపులో బట్టలు సరిచేసేది. పాత కోట్లు విప్పి, మళ్ళీ కుట్టి, పని తనంతట తానే నేర్చుకుంది. ఎవరెంత తొందరపెట్టినా ముందు చేత్తో వదులుగా కచ్చాకుట్టు వేసి, తొడిగించి చూశాకే మిషన్ ఎక్కించేది.

కూతురు జయంతిని చూసుకునేవాళ్ళు లేక ఎనిమిదో నెలలోనే తెనాలిలో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. 1982లో భర్త జగదీష్ వెళ్ళి మూడేళ్ళ పిల్లను తీసుకొచ్చాడు. మెలకువగా ఉంటే రాదని, నిద్రలో అమ్మమ్మ పక్కనుంచి ఎత్తుకొచ్చాడు.

అప్పట్నుంచి పిల్లకి నిద్రంటే భయం. నళినిని ‘ఆంటీ’ అని పిలిచేది.

పగలు పిల్లను పక్కింటి సీతమ్మగారు చూసేవారు. ఆవిడ కొడుకు దగ్గర ఉండటానికి వచ్చారు.

“దాని కంట పడకుండా జారుకో అమ్మాయ్. మా పిల్లల్నందర్నీ అట్లాగే పెంచా.”

నళిని నాలుగు రోజులు అలాగే జారుకుంది. ఐదో రోజు ఎడమకాలి మంచుబూటు కనిపించలేదు.

“జయా, నా బూటేదమ్మా?”

పిల్ల సీతమ్మగారి చీర వెనక్కి నక్కింది.

“బూటు లేకపోతే పోవనుకుంది, గడుసుది!” సీతమ్మగారు నవ్వారు.

నళినికి నవ్వు రాలేదు. ఈ పిల్లను ఇప్పటికే రెండుసార్లు చెప్పకుండా ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి మార్చారు. ఇది మూడోసారి. ఇక ఎవర్నీ నమ్మదేమో.

షాపుకి ఫోన్ చేసి రెండు రోజులు సెలవు పెట్టింది. బూటు వెతకలేదు. కాన్వాస్ షూస్ వేసుకుని పిల్ల ముందు కూర్చుంది.

“కింద పోస్ట్‌బాక్స్ దాకా వెళ్ళొస్తా.”

పిల్ల గుక్కపట్టింది. నళిని మెట్లు దిగి, రెండు నిమిషాల్లో వచ్చింది. మళ్ళీ చెప్పి వెళ్ళింది, ఐదు నిమిషాలు. తర్వాత పది.

“పనిగట్టుకుని ఏడిపిస్తావేంటే?” అన్నారు సీతమ్మగారు.

“కచ్చాకుట్టు పిన్నిగారూ. ఊడితే మళ్ళీ వేస్తా.”

మూడో రోజు చెప్పి షాపుకి వెళ్ళింది. మెట్ల మలుపు దాకా ఏడుపు వినిపించింది. ఆ రోజు సూది రెండుసార్లు వేలిలో దిగింది. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. బస్సు దిగి, తడిసిన మేజోళ్ళతో మంచులో పరుగెత్తింది.

తలుపు తీసేసరికి జయంతి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో ఎడమకాలి బూటు.

“పొద్దున్నుంచీ అక్కడే, ఫోన్ దగ్గరికి కూడా వెళ్ళనివ్వలేదు” అన్నారు సీతమ్మగారు.

పిల్ల పరుగెత్తి రాలేదు. “ఆంటీ, రేపూ వెళ్తావా?”

“వెళ్తా. నీకు చెప్పే వెళ్తా. మళ్ళీ వస్తా.”

జయంతి బూటు ముందుకు తోసింది. లేసు మాత్రం వదల్లేదు.