నాడి మేస్త్రి ఎడమ చెయ్యి

ఆయన్ని అందరూ నాడి మేస్త్రి అనేవారు. వైద్యుడు మణికట్టు పట్టుకుని జ్వరం సంగతి చెప్పినట్టు, ఆయన గేర్ రాడ్డు మీద ఎడమ చెయ్యి ఆనించి గేర్ బాక్సు లోపలి జబ్బు చెప్పేవాడు. ఇల్లాలు మాత్రం "లోకంలో బళ్ళన్నిటి నాడీ తెలుసు, ఇంట్లో ఉప్పు నిండుకున్న సంగతి తెలీదు" అని దెప్పేది. "ఉప్పు వణకదు కదే" అనేవాడాయన.

క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ బళ్ళే ఆయన చూసేవి. వాటిలో ఇంజనుకూ గేర్లకూ నడుమ గుమ్మడికాయంత కన్వర్టర్ ఉంటుంది. దాని నిండా ఆయిలు. ఇంజను తిరుగుడును ఆ ఆయిలే గేర్లకు అందిస్తుంది. బండి వేగం అందుకుని నిలకడగా సాగేటప్పుడు, కన్వర్టర్ లోపలే ఉన్న చిన్న క్లచ్ ఆ రెంటినీ కలిపి పట్టేస్తుంది. దాని లైనింగు అరిగిందంటే పట్టీపట్టనట్టు జారుతూ వణుకుతుంది. బండి గరుకు రోడ్డెక్కినట్టుంటుంది. ఇంజను సరిగ్గా మండకపోయినా ఇంచుమించు అదే వణుకు. చాలామంది బోల్తా పడేది అక్కడే.

ఆయన పడేవాడు కాదు. అరవైలో నిలకడగా పోనిచ్చి, వణుకు చేతికి తగలగానే ఎడమ కాలితో బ్రేకును తాకీతాకనట్టు తాకేవాడు. బ్రేకు తగిలితే ఆ క్లచ్ పట్టు వదిలేస్తుంది. అప్పుడు వణుకు ఆగితే తప్పు కన్వర్టర్‌ది, ఆగకపోతే ఇంజనుది. "ముందు కాదని తేల్చు, తర్వాత అవునను" అని ముప్ఫై ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు.

ఆ టీచరమ్మ వచ్చింది ఆయిలు మార్పించుకోవడానికే. అలవాటు కొద్దీ ఆయన బండి ఒక చుట్టు తిప్పాడు. అరవై దగ్గర చేతికి వణుకు తగిలింది. బ్రేకు తాకాడు, ఆగింది. మళ్ళీ చూశాడు, మళ్ళీ అంతే.

"నాకెప్పుడూ తెలియలేదే" అందామె.

"రోజూ నడిపేవాళ్ళకి తెలీదమ్మా. అలవాటైపోతుంది."

షెడ్డులో కంప్యూటరు పని చూసే బావమరిది పరీక్ష చేసే యంత్రం తగిలించి, తెర వంక చూసి మెడ గోక్కున్నాడు. "బావా, ఇందులో జారుడేం కనబడట్లేదు."

"దానికి కళ్ళున్నాయిరా, చేతుల్లేవు."

బావమరిది యంత్రం ఊడదీశాడు. ఆ ఏడాది అంతకుముందు మూడు బళ్ళకు ఇదే మాట అని, ఇదే జవాబు తిన్నాడు. ఆ మూడింటికీ పాత కన్వర్టర్ దుకాణంలో ఇచ్చేసి, బదులుగా బాగుచేసి ఉంచిన వేరేది తెచ్చి బిగించారు. టీచరమ్మ బండి రకానికి అలా దొరకదు. అందుకని ఉన్నదాన్నే కోసి కొత్త లైనింగు వేయమని లేత్ షాపుకు పంపారు.

మూడో రోజు లేత్ షాపతను కబురు చేశాడు. మేస్త్రి వెళ్ళేసరికి కన్వర్టర్ రెండు చిప్పలై బల్ల మీద ఉంది. లైనింగు చుట్టూ ఒకే మందంగా ఉంది. మాడిన మచ్చ ఒక్కటీ లేదు.

"దీన్ని పీకేస్తే పాపం తగులుతుంది మేస్త్రీ. ఎవడు చూశాడు దీన్ని?"

"నేనే."

అతను గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "ఒక్కోసారి అవుతుందిలే" అన్నాడు. మేస్త్రికి ఆ ఒక్కోసారి అంతవరకూ ఎప్పుడూ రాలేదు.

దాన్ని మళ్ళీ అతికించి, బండికి బిగించి, కొత్త ఆయిలు పోసి రోడ్డెక్కారు. పక్క సీట్లో బావమరిది, ఒళ్ళో పరీక్ష యంత్రం. అరవై దగ్గర వణుకు వచ్చింది.

"వస్తోంది కదూ?"

"లేదు బావా."

బ్రేకు తాకాడు. ఆగింది. బావమరిది తెర వంక చూడట్లేదు. "బావా, బ్రేకు ముట్టుకున్నప్పుడల్లా నువ్వు రాడ్డు వదిలి స్టీరింగు పట్టుకుంటున్నావు" అన్నాడు.

మేస్త్రి బండి పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. రాడ్డు మీద చెయ్యి పెట్టి ఊరకే కూచున్నాడు. ముందు బొటనవేలు మొదలుపెట్టింది, ముక్కుపొడుం నలుపుతున్నట్టు. తర్వాత మణికట్టు అందుకుంది. చెయ్యెత్తి స్టీరింగు పట్టుకున్నాడు, ఆగింది. మళ్ళీ రాడ్డు మీద పెట్టాడు, వచ్చింది. ఏ బండికైనా చూసినట్టే, తొందరపడకుండా మూడుసార్లు చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది నుంచీనట. నిన్న రాత్రే చెప్పింది అక్క. పేపరు చదువుతుంటే గలగలమంటోందట. అడిగితే కసురుతావని ఊరుకుంది."

"మరి నువ్వు?"

"నాకు కనబడింది తెర మీది అంకె. చెయ్యి ఇవాళే చూశాను." కాస్త ఆగి, "బాగుచేశామని ఇచ్చేద్దాం బావా. అబద్ధమేం కాదు, ఇప్పుడు బాగానే ఉందిగా" అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. బావమరిది తాళాలు అందించబోతుంటే మేస్త్రి అడ్డొచ్చాడు.

"మీ బండికి ఏ జబ్బూ లేదమ్మా. ముందూ లేదు. వణుకు నాది." చెయ్యి బల్ల మీద పెట్టి చూపించాడు. పానా పక్కనున్న రేకు మూత సన్నగా చప్పుడు చేసింది.

ఆమె ఆ చేతి వంక చూసింది. కోప్పడితే బాగుండుననిపించింది ఆయనకి. ఆమె అడిగింది మరొకటి.

"నాదొక్కటేనా?"

మూడు బళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. వాటి పాత కన్వర్టర్లను ఎక్కడ ఎవరు కోశారో, లోపల ఏం చూశారో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ ముగ్గురిలో ఒకాయన "వణుకు పూర్తిగా పోయింది మేస్త్రీ, నీ చెయ్యి చల్లన" అని కూడా అన్నాడు.

"తెలీదమ్మా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ షెడ్డులో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

మర్నాడు ఇంకో బండి వచ్చింది. బావమరిది తాళాలు తీసుకుని, తలుపు తెరిచి ఆయన కోసం ఆగాడు.

"నువ్వే ఓ చుట్టు తిప్పుకురా" అన్నాడు నాడి మేస్త్రి. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు.