చెల్లి కుడి భుజం

మా చెల్లి బాక్సర్. ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను అలాగే చెప్తాను. తను మాత్రం "ఒకప్పుడు ఆడేదాన్నండీ" అని మాట మార్చేస్తుంది.

మేమిద్దరం బాక్సింగులో ఒకేసారి చేరాం. నాన్న జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆడపిల్లలకి కాస్త ధైర్యం రావాలని వేసవి సెలవుల్లో బందరు రోడ్డు పక్కన స్టేడియంలో కోచింగుకి పంపారు. నాకు ముక్కు మీద దెబ్బ పడితే ఏడుపొచ్చేది, అందుకే కొన్నాళ్ళకే మానేశాను. చెల్లికి దెబ్బ తగిలితే నవ్వొచ్చేది. ఎదుటి పిల్ల చెయ్యి లేచేలోపు తను కొట్టేసి వెనక్కి వచ్చేసేది. ఆట మానేసినా నేను తనతో వెళ్తూనే ఉన్నాను. ఇంటి డాబా మీద నేను చేతులకి ప్యాడ్లు తొడుక్కుని నిలబడితే తను గుద్దులు ప్రాక్టీసు చేసేది.

మాకు కోచింగిచ్చే సార్ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లలంటే ప్రాణం. తెల్లవారగానే కాలువ గట్టున పరుగు, తర్వాత స్కిప్పింగ్, ఆ తర్వాత వేలాడదీసిన ఇసక బ్యాగ్‌ని గుద్దడం. బరువుల మాటెత్తితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "కండ బిగుసుకుపోద్దమ్మా. బిగుసుకున్న చెయ్యి లేటుగా వెళ్తది" అనేవారు. ఆయనకి ఆయన గురువు అలాగే చెప్పారట. చెల్లి స్పీడు చూసినవాళ్ళెవరికీ ఆ మాట మీద అనుమానం రాలేదు.

రాష్ట్ర జట్టు సెలక్షన్లు మా ఊళ్ళోనే జరిగాయి. సెమీఫైనల్లో చెల్లిదే పైచేయి. ఒక్కసారి ఎదుటి అమ్మాయి తల పక్కకి తప్పించింది. చెల్లి కుడిచేతి గుద్దు గాల్లోకి పోయింది. దాంతోపాటే భుజం జారిపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నా వైపు చూసింది. ఆ ముఖంలో నొప్పికంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. ఆసుపత్రికి వెళ్ళేదాకా, "నన్నెవరూ కొట్టలేదక్కా" అంటూనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ మొదలైంది. అక్కడి మేడమ్ చెల్లి వీపు మీద వేలుపెట్టి చూపిస్తూ నాన్నకి చెప్పారు. "కొట్టే కండ బాగానే ఉందండీ. గుద్దు తగిలితే చెయ్యి ఎదుటి మనిషి మీద ఆగుతుంది. తగలకపోతే ఈ వెనక కండలే పట్టి ఆపాలి. వీటికి బలం లేదు."

బరువులు ఎత్తించి ఉంటే ఇలా అయ్యేది కాదా అని నాన్న అడిగారు. అలా అని ఖచ్చితంగా చెప్పలేనని, భుజానికి కొంత ఆసరా మాత్రం ఉండేదని ఆవిడ అన్నారు.

మొదట రబ్బరు బ్యాండు, ఆ తర్వాత చిన్నపిల్లల ఆటవస్తువులాంటి డంబెల్. దాన్ని చూసి చెల్లి నవ్వింది. ఎత్తబోతే చెయ్యి వణికింది. రాష్ట్రంలో అందరూ భయపడే ఆ చెయ్యి అంత చిన్న బరువుకి వణుకుతుంటే తను గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను చూడనట్టు బ్యాగు సర్దుకున్నాను.

నెలలు గడిచాక బెంజి సర్కిల్ దగ్గర జిమ్‌లో చేరింది. బరువులు తగిలించిన ఇనప బార్‌ని వీపు వంగకుండా నేలమీంచి ఎత్తడం, బరువుని ఛాతీవైపు లాగడం, కాళ్ళతో బలం పుట్టించడం అక్కడే నేర్చుకుంది. వీపు వెడల్పై జాకెట్లు పట్టకపోతే అమ్మ కుట్లు విప్పి వదులు చేసింది. అమ్మ ఆ పని విసుక్కోకుండా చేయడం నాకు బాగా గుర్తు.

మళ్ళీ డాబా మీద ప్యాడ్లు పట్టుకున్న రోజు నా ముంజేతులు తిమ్మిరెక్కాయి. స్పీడు ఏమాత్రం తగ్గలేదు. అదివరకు చురుక్కుమనిపించే దెబ్బ ఇప్పుడు నన్ను వెనక్కి నెడుతోంది. మర్నాడు స్టేడియంలో సార్ తనే ప్యాడ్లు తొడుక్కున్నారు. కాసేపటికి వాటిని తీసి పక్కన పెట్టి బల్ల మీద కూర్చున్నారు.

"నీకు ముందే చేయించాల్సిందమ్మా. నాకు తెలీదు."

"పర్లేదు సార్. ఇప్పుడు చేస్తున్నాగా" అంది చెల్లి.

తర్వాతి సెలక్షన్లలో మొదటి బౌట్ గెలిచింది. అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. రెండో బౌట్‌లో ఇద్దరూ దగ్గరగా పెనుగులాడుతూ పడిపోయారు. చెల్లి కుడిచెయ్యి ఆ అమ్మాయి కింద ఇరుక్కుంది. లేచి కూర్చున్నప్పుడు తను నావైపు చూడలేదు. ఏం జరిగిందో తనకి తెలుసు.

భుజం గూటి ఎముక అంచు విరిగిందన్నారు డాక్టరు. ఇంకో ఆపరేషన్ చేయొచ్చుగానీ ఆట మాత్రం వద్దన్నారు. మళ్ళీ జారితే జడ వేసుకోవడానిక్కూడా చెయ్యి లేవదన్నారు. చిన్న టోర్నమెంట్లు కూడానా అని చెల్లి మెల్లగా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. తను మంచం మీది దుప్పటి అంచుని మడతపెడుతూ, విప్పుతూ ఉండిపోయింది.

ఇప్పుడు గన్నవరంలో ఆఫీసు ఉద్యోగం చేస్తోంది. సార్ స్టేడియంలోకి బార్, ప్లేట్లు తెప్పించారు. ఫిజియో మేడమ్‌ని పిలిపించి తనూ నేర్చుకున్నారు. ఆడపిల్లలందరూ బరువులు ఎత్తాకే గ్లవ్స్ తొడుక్కుంటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి జాతీయ పోటీలకి ఎంపికైనప్పుడు సార్ బందరు లడ్డూలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. పిల్లలకి ఒక్కసారి దగ్గరుండి చూపించమని చెల్లిని అడిగారు. కాదనలేక నాతోపాటు స్టేడియానికి వచ్చింది.

ఒక పిల్ల వీపు వంచి బార్ ఎత్తబోతుంటే చెల్లి వెళ్ళి నడుము సరిచేసింది, మడమల మీద బరువు పెట్టమంది. ఆ పిల్ల చక్కగా ఎత్తి సంతోషంగా నవ్వింది. అవతల ఎవరో బ్యాగ్‌ని గుద్దుతున్నారు. చెల్లి అటు తిరిగి, కాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడి, బయటికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి స్కూటర్ దగ్గర హెల్మెట్ పెట్టుకుని ఉంది.

"నన్ను మళ్ళీ పిలవద్దని సార్‌కి చెప్పక్కా. వాళ్ళు చాలా బాగా చేస్తున్నారు. అదే నేను చూడలేకపోతున్నా."

సార్‌కి చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. ఆ పిల్లలు ఎక్కడ గెలిచినా ఫొటోలు నా ఒక్కదాని ఫోన్‌కే పంపుతారు. చెల్లి గదిలో లేనప్పుడు తెరిచి చూసుకుంటాను.